లిస్బన్ నుంచి ఒక్కరోజులో సింత్రా ప్యాలెస్‌లు, కాబో ద రోకా సముద్రం: సొంతంగా బండి మాట్లాడుకుని వెళ్ళడం ఎలా

లిస్బన్ వస్తున్నామని మనవాళ్ళు ఎవరు చెప్పినా నేను చెప్పే మాట ఒకటే. మూడు రోజులున్నా, నాలుగు రోజులున్నా, అందులో ఒక రోజు మొత్తం దగ్గర్లోనే కొండల్లో ఉన్న రాజభవనాల ఊరు సింత్రాకీ, దాని అవతలున్న సముద్రానికీ ఇచ్చేయండి, ఆ ఒక్కరోజుకి మాత్రం డ్రైవరుతో సహా సొంతంగా బండి మాట్లాడుకోండి. మిగతా రోజులు ట్రామ్‌లోనో మెట్రోలోనో హాయిగా తిరగొచ్చు.

నిజానికి సింత్రాకి రైలుంది. లిస్బన్ నడిబొడ్డున రోసియు స్టేషన్లో ఎక్కితే 40 నిమిషాల్లో దింపుతుంది, టికెట్టు కూడా చవకే. ఒంటరిగానో, ఓపికున్న ఇద్దరు కుర్రాళ్ళో అయితే రైల్లోనే వెళ్ళండి. కానీ రైలు దింపేది కొండ కింద, పేనా ప్యాలెస్ ఉండేది కొండ మీద, సముద్రం ఉండేది కొండకి అవతల. ఈ మూడింటినీ బస్సులు కలుపుతాయి గానీ వేసవిలో ఆ బస్సుల క్యూలోనే గంటలు గడిచిపోతాయి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మా అత్తయ్యకి ఎక్కువసేపు నిలబడితే కళ్ళు తిరుగుతాయి, వాళ్ళని అలా ఎండలో నిలబెట్టి రాజభవనాలు చూపించడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా మేం ఆరుగురం. ఎనిమిది మంది పట్టే వ్యాన్ మాట్లాడుకుని తలా ఇంత వేసుకుంటే మరీ మోయలేనంత భారం కాలేదు.

అద్దె కారు తీసుకుని మనమే నడుపుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సింత్రా వరకైతే వద్దంటాను. పాత ఊళ్ళోకీ, పేనా ఎక్కే రోడ్డు మీదకీ బయటి కార్లకి ఆంక్షలున్నాయి, ఉన్న రోడ్లు సన్నవి, ఎక్కువ భాగం వన్ వే, ఒక మలుపు తప్పితే కొండంతా మళ్ళీ చుట్టి రావాలి. పార్కింగ్ దొరికేసరికి పొద్దెక్కిపోతుంది. లైసెన్సున్న టూరిస్టు బండ్లకీ టాక్సీలకీ పైకి వెళ్ళే వీలుంటుంది కాబట్టే బండి మాట్లాడుకోమంటున్నాను.

మాట్లాడుకునే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి, మొహమాటపడకుండా మెసేజ్‌లో రాతపూర్వకంగా అడగండి. రేటు బండికా, మనిషికా? ఎన్ని గంటలు, దాటితే గంటకి ఎంత? ప్యాలెస్ టికెట్లు రేటులో కలిసున్నాయా? (చాలావరకు ఉండవు, విడిగా మనమే కొనుక్కోవాలి.) డ్రైవరు లోపలికి వచ్చి వివరిస్తాడా, గేటు దగ్గరే ఆగిపోతాడా? పోర్చుగల్‌లో ఇలాంటి ట్రిప్పులు నడిపేవాళ్ళకి ఆర్‌ఎన్‌ఏఏటీ అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగండి, సక్రమంగా నడిపేవాళ్ళు వెంటనే ఇస్తారు. పిల్లలుంటే సీటు సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అక్కడి చట్టం ప్రకారం 12 ఏళ్ళలోపు, 135 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకి కారులో ప్రత్యేక సీటు ఉండాల్సిందే, మన దగ్గరలా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం అంటే కుదరదు.

ఇంకొక్క ప్రశ్న, "మధ్యలో ఏ షాపు దగ్గరైనా ఆపుతారా?" అని. మొదటిసారి మేం వెళ్ళినప్పుడు ఒక డ్రైవరు మమ్మల్ని అడక్కుండానే ఒక కార్క్ సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళాడు, అక్కడ ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంటే సాయంత్రం సముద్రం దగ్గర మాకు తక్కువైంది. సొంత బండికి అదనంగా ఇచ్చే డబ్బు మెత్తటి సీట్ల కోసం కాదు, మన రోజు మన చేతిలో ఉండటం కోసం. అందుకే ఎక్కడెక్కడ ఆగాలో ముందే మీరే రాసి పంపండి, నేను చెప్పబోయే వరస పంపినా సరిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, మంగళవారం నుంచి గురువారం మధ్యలో ఏదైనా. శని ఆదివారాలు ఊరి జనం కూడా తోడవుతారు. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు నాకు బాగా నచ్చాయి. జూలై, ఆగస్టుల్లో జనం తాకిడి ఒకటే కాదు, ఎండలు ముదిరి అడవికి నిప్పంటుకునే ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో కొండ మీది పార్కులూ ప్యాలెస్‌లూ మూసేస్తారు, కాబట్టి ముందురోజు రాత్రి వాళ్ళ అధికారిక వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. లిస్బన్‌లో ఎండ మండుతున్నా సింత్రా కొండ మీద మంచు కమ్మి చలి వేయొచ్చు. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమగాలి ఈ కొండకి తగిలి పైకి లేచి చల్లబడి మబ్బవుతుంది, అందుకే పోర్చుగీసు రాజులు వేసవికి ఇక్కడికి చేరేవాళ్ళు. తలా ఒక స్వెటరు, గాలికి ఆగే జాకెట్టు, జారని బూట్లు తప్పనిసరి. చీర కట్టుకునే పెద్దవాళ్ళుంటే ఆ ఒక్కరోజుకి చుడీదార్ వేసుకోమనండి, సముద్రం దగ్గర గాలి అంత బలంగా ఉంటుంది.

ఇక వరస. లిస్బన్‌లో పొద్దున్న 8:15కి బయల్దేరండి. ఆ టైముకి ట్రాఫిక్ అంతా లిస్బన్‌లోకి వచ్చేదే, మనం ఎదురు దిక్కున పోతాం కాబట్టి 9 కల్లా కొండ మీద ఉంటాం. ముందు పేనా. ఇది తర్వాత చూద్దాంలే అనుకుంటే మొత్తం రోజు చెడుతుంది.

పేనా టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, పెద్దవాళ్ళకి సుమారు 20 యూరోలు, పొద్దున్న మొట్టమొదటి స్లాట్ 9:30ది తీసుకోండి. ఇక్కడే మేం దెబ్బతిన్నాం కాబట్టి వివరంగా చెప్తాను. టికెట్టు మీద ఉన్న టైము పార్కు గేటుది కాదు, ప్యాలెస్ గుమ్మానిది. గేటు నుంచి గుమ్మం దాకా ఎత్తుకి నడవాలి, క్యూతో కలిపి అరగంట చేతిలో ఉంచుకోవాలి. మేం ఆ సంగతి తెలియక 10 గంటల టికెట్టుతో 9:50కి గేటు దగ్గరున్నాం, టైముకే వచ్చేశాం అనుకుని అమ్మని మెల్లగా నడిపించుకుంటూ పైకి చేరేసరికి మా స్లాట్ అయిపోయిందన్నారు, ఎంత బతిమాలినా లోపలికి పంపలేదు. బయటి నుంచి చూసి వెనక్కొచ్చాం. అమ్మ "నా వల్లే కదా" అని రోజంతా బాధపడింది, అది నాకు ఇప్పటికీ గుర్తే. గేటు దగ్గర చిన్న షటిల్ బండి ఉంటుంది, కొద్దిపాటి డబ్బుకి పైదాకా తీసుకెళ్తుంది, పెద్దవాళ్ళుంటే ఆలోచించకుండా ఎక్కించండి. రెండోసారి అలాగే చేశాం, 9:20కి గుమ్మం ముందున్నాం.

అక్కడ చూసేదేంటో కొంచెం తెలిసుంటే ఆ రంగులు ఊరికే ఫోటోకి బాగున్నాయనిపించి వదిలేయం. ఎర్రగా ఉన్నది పాత మఠం, 16వ శతాబ్దం మొదట్లో మాన్యుయెల్ రాజు కట్టించింది. వాస్కో డ గామాని ఇండియాకి పంపిన రాజు ఈయనే. 1755 భూకంపానికి ఆ మఠం బాగా దెబ్బతింది, తర్వాత సన్యాసుల మఠాలన్నీ రద్దవడంతో పాడుబడిపోయింది. రాణి రెండో మరియా భర్త ఫెర్నాందో, జర్మన్ రాజవంశం నుంచి వచ్చినవాడు, 1838లో ఆ శిథిలాన్ని వేలంలో కొని, పక్కనే పసుపు రంగులో కొత్త భవనం లేపాడు. (వేలం అనే మన మాట కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే, లెయిలావ్ అంటారు వాళ్ళు. బొత్తాం, మేస్త్రీ, పీపా, అనాస, ఇవన్నీ అంతే. హోటల్ మెనూలో అనానాష్ అని చూసి మా నాన్న పట్టలేని సంతోషంతో అందరికీ చూపించారు.) నిర్మాణం చూసుకున్నది ఎష్వేగె అనే జర్మన్ గనుల ఇంజనీరు. ఒక పక్క కోట బురుజులు, ఒక పక్క అరబ్బు తోరణాలు, గుమ్మం పైన గవ్వల మీద కూర్చున్న సగం మనిషి సగం చేప ఆకారం, మాన్యుయెల్ కాలపు తాళ్ళ ముడుల చెక్కడాలు, అన్నీ కలిపేశాడు.

లోపలి గదులు మనం ఊహించుకునే రాజభవనం గదుల్లా పెద్దవి కావు, వరసలో కదులుతూ పోవాలి, ఎక్కువసేపు ఆగనివ్వరు. అయినా లోపలికి వెళ్ళమంటాను. 1910 అక్టోబరులో రాచరికాన్ని కూల్చిన విప్లవం మొదలైనప్పుడు రాజమాత అమేలియా ఇక్కడే ఉంది, ఇక్కడి నుంచి బయల్దేరే దేశం వదిలి వెళ్ళిపోయింది. ఆ మంచాలు, బల్లలు, వంటింట్లో రాగి గిన్నెలు చూస్తుంటే ఇల్లు సర్దుకోకుండా వెళ్ళిపోయిన మనుషుల ఇంట్లో నిలబడ్డట్టు ఉంటుంది. లోపల ముప్పావు గంట, బయట డాబాల మీద అరగంట చాలు. ఆకాశం తేటగా ఉంటే డాబా మీంచి పక్క కొండ మీద మూరులు, అంటే ఒకప్పుడు ఇక్కడ ఏలిన ముస్లింలు, కట్టిన కోట గోడలు, అటు దూరంగా సముద్రం రెండూ కనిపిస్తాయి. మంచు కమ్మితే ఏమీ కనిపించదు, అయినా కాసేపు ఆగండి, ఆ కొండ మీద మబ్బు పది నిమిషాల్లో విడిపోవడం చాలాసార్లు చూశాను.

11:15కి కిందికి దిగిపోండి. ఇప్పుడు రెండో ప్యాలెస్. ఒక్కటే ఎంచుకోండి, రెండు వద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. చాలా ట్రిప్పుల్లో ఒకే రోజులో నాలుగు ప్యాలెస్‌లు, మూరుల కోట, మూడు బీచ్‌లు రాసుంటాయి, అలా తిరిగితే సాయంత్రానికి ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు, పెద్దవాళ్ళు బండిలోనే కూర్చుండిపోతారు.

పిల్లలు, కుర్రాళ్ళు ఉంటే కింటా ద రెగలేరా. బ్రెజిల్‌లో పుట్టిన కార్వాల్యో మోంతేరు అనే కోటీశ్వరుడు 20వ శతాబ్దం మొదట్లో కట్టించుకున్న తోట ఇది, గీసిచ్చినవాడు లుయీజి మనీని అనే ఇటాలియన్, నాటకాలకి తెరలూ రంగస్థలాలూ తయారుచేసినవాడు, ఆ చేతివాటం అడుగడుగునా తెలుస్తుంది. అందరూ వచ్చేది అక్కడున్న బావి కోసం. మన మెట్లబావి గుర్తొస్తుంది గానీ ఇందులో నీళ్ళు ఎప్పుడూ తోడలేదు. 27 మీటర్ల లోతు, గోడ చుట్టూ మెలికలు తిరుగుతూ తొమ్మిది వరసల మెట్లు, అడుక్కి దిగి తలెత్తితే గుండ్రంగా ఆకాశం, అక్కడి నుంచి చీకటి సొరంగంలో నడిచి వెళ్తే ఒక జలపాతం పక్కన బయటపడతాం. రహస్య దీక్షలకి గుర్తుగా కట్టించాడని అంటారు. నేల తడిగా ఉంటుంది, సొరంగంలో ఫోను లైటు వేసుకోండి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి. ముందుగా తోటలోకి వెళ్ళగానే నేరుగా బావి వైపే నడవండి, మధ్యాహ్నానికి అక్కడ క్యూ తోట మధ్యదాకా వస్తుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మాత్రం రెగలేరా ఎక్కుదిగుళ్ళు కష్టం. వాళ్ళకి ఊరి మధ్యలోనే ఉన్న సింత్రా నేషనల్ ప్యాలెస్ మేలు. జనం తక్కువ, నడక తక్కువ, నా లెక్కలో కథలు మాత్రం దీనికే ఎక్కువ. 33 మీటర్ల ఎత్తున్న రెండు తెల్లటి శంకువులు దూరం నుంచే కనిపిస్తాయి, అవి వంటింటి పొగగొట్టాలు. వేటాడి తెచ్చిన జంతువులు మొత్తంగా కాల్చే వంటిల్లు మరి. ఒక గది కప్పు మీద 136 మేగ్‌పై పిట్టల బొమ్మలుంటాయి. జువావ్ రాజు అంతఃపుర స్త్రీని ముద్దుపెట్టుకుంటూ రాణికి దొరికిపోయాడనీ, ఆ గుసగుసలు ఊరంతా పాకితే, వాగే నోళ్ళకి గుర్తుగా అక్కడున్న ఆడవాళ్ళెందరో అన్ని పిట్టల్ని గీయించాడనీ కథ. మా అత్తయ్యకి పేనా కన్నా ఈ గదే బాగా నచ్చింది. ఇంటికి వచ్చాక కూడా చుట్టాలందరికీ ఈ కథే చెప్పింది. మీరు గుంపుగా వెళ్తే సగం మంది రెగలేరా, సగం మంది ఈ ప్యాలెస్ చూసి ఒంటిగంటకి కలుసుకోవచ్చు, రెండింటికీ మధ్య పది పదిహేను నిమిషాల నడక.

సింత్రాకి ఇదివరకే వచ్చినవాళ్ళయితే మోన్సెర్రాత్‌కి వెళ్ళండి. ఇంగ్లీషు వ్యాపారి ఫ్రాన్సిస్ కుక్ కట్టించింది, మొఘలు, అరబ్బు పద్ధతులు కలిసిన జాలీ పని, తోటలో ఇండియా నుంచి తెచ్చిన రాతి తోరణం కూడా ఉంది. చాలా ప్రశాంతంగా ఉంటుంది.

తిండి సంగతి. ఊళ్ళో త్రవేసేరు అనే పొరల పొరల తీపి పఫ్ ఉంటుంది, లోపల బాదం, గుడ్డుసొన కలిపిన ముద్ద, పైన పంచదార, వేడిగా తినాలి. 1862 నుంచి ఉన్న పిరికీతా బేకరీది పేరున్నది. కేయిజాదా అని చిన్న జున్ను బిళ్ళలు కూడా తీసుకోండి, దాల్చినచెక్క వాసనతో, దారిలో తినడానికి బాగుంటాయి. గుడ్డు కూడా ముట్టనివాళ్ళయితే రెండూ కుదరవు, ముందే చెప్పేయండి.

భోజనం మాత్రం ఊళ్ళో చేయకండి, రేట్లెక్కువ. బండి ఉంది కదా, పడమరగా కొలారెస్ మీదుగా అజేన్యాష్ దు మార్ అనే ఊరికి పోండి, కొండ అంచున సముద్రం మీదికి తెల్లటి ఇళ్ళు పేర్చినట్టుండే పల్లె. చేపలు తినేవాళ్ళకి పండగే. శాకాహారులు మాత్రం జాగ్రత్త. కాల్దు వెర్ద్ అని ఆకుకూర సూప్ ఇస్తారు, చూస్తే శాకాహారమే అనిపిస్తుంది, కానీ అందులో పంది మాంసం సాసేజ్ ముక్క వేయడం వాళ్ళ ఆనవాయితీ. "సెం కార్న్, సెం పెయిష్" అంటే మాంసం వద్దు, చేప వద్దు అని, ఆ మాట నేర్చుకోండి. అరోష్ ద తొమాట్ అడగండి, జారుగా చేసే టమాటా అన్నం, మామూలుగా చేపతో పక్కన పెడతారు గానీ విడిగా అడిగినా ఇస్తారు, మనం వెంట తెచ్చుకున్న కందిపొడి కాస్త కలిపితే అమ్మానాన్నలకి కడుపు నిండుతుంది. కూర్చోగానే అడక్కుండా తెచ్చిపెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు ఉచితం కావు, వద్దనుకుంటే ముట్టకుండా వెనక్కి పంపొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. చాలాచోట్ల 3 దాటితే వంటిల్లు మూసేస్తారు, కాబట్టి 1:45 కల్లా కూర్చోవాలి.

కొలారెస్ దాటుతున్నప్పుడు ద్రాక్షతోటలు ఉంటే చూపించమని డ్రైవరుని అడగండి. ఇసుకలో పెంచుతారు ఇక్కడ. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు యూరప్ ద్రాక్షతోటల్ని తుడిచిపెట్టినప్పుడు, ఆ పురుగు ఇసుకలో బతకలేక ఈ తీగలు మిగిలాయి. వ్యవసాయం తెలిసిన మా నాన్న బండి దిగి ఆ ఇసుక చేత్తో పట్టుకుని చూశారు.

భోజనం అయ్యాక కాబో ద రోకా. యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర ఇదే, ఇక్కడి నుంచి అమెరికా దాకా నీళ్ళే. 140 మీటర్ల ఎత్తున కొండ తెగినట్టు నిలబడి ఉంటుంది, కింద అలలు తగిలి తెల్లగా విరుగుతుంటాయి, చప్పుడు మాత్రం గాలి తినేస్తుంది. 1772 నుంచి ఉన్న లైట్‌హౌస్, సిలువ ఉన్న రాతి స్తంభం, బండి ఆగే చోటి నుంచి అంతా దాదాపు చదునే, అమ్మ కర్ర లేకుండా నడిచింది. కాకినాడలో పుట్టి పెరిగిన మా నాన్నకి సముద్రమంటే సూర్యుడు పైకి వచ్చే చోటు. ఇక్కడ పొద్దు సముద్రంలోకి దిగుతుందిరా అని చాలాసేపు అలా నిలబడిపోయారు. మీకూ సూర్యాస్తమయం కావాలంటే కాలం చూసుకోండి, జూన్‌లో రాత్రి 9కి, డిసెంబరులో సాయంత్రం 5:15కి. శీతాకాలంలో అయితేనే ఒక్కరోజు ట్రిప్పులో ఇది సులభంగా కుదురుతుంది.

ఒక్క మాట పెద్దగా చెప్తాను. అక్కడ కొయ్య కంచె ఉంటుంది, దాన్ని దాటకండి. కంచె అవతల నేలంతా దళసరి ఆకుల మొక్క పరుచుకుని మెత్తగా, భద్రంగా కనిపిస్తుంది, కానీ కాలు జారితే పట్టుకోడానికి ఏమీ లేదు. ఫోటో కోసం దాటి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవడం కూడా వద్దు, గాలి ఒక్కసారిగా తోస్తుంది. పక్కనున్న ఉర్సా బీచ్ ఫోటోలు చూసి డ్రైవరుని అడుగుతారేమో, ఆ దారి నిలువుగా, రాళ్ళతో ఉంటుంది, కుటుంబంతో వద్దు. కిందికి దిగి రాళ్ళ మధ్య నిలబడాలనుంటే అద్రాగా బీచ్‌కి వెళ్ళండి, బండి ఇసుక దాకా పోతుంది.

అక్కడి నుంచి దక్షిణంగా గింషో మీదుగా కష్కాయిష్ దాకా రోడ్డు సముద్రం పక్కనే. గింషోలో ఇసుక దిబ్బలు, గాలి తెరచాపలతో అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళు, చూడటానికే గానీ దిగడానికి కాదు, నీళ్ళు వేసవిలోనూ చల్లగా ఉంటాయి, లాగుడు ఎక్కువ. ఎర్రజెండా ఉంటే పాదాలు కూడా తడపొద్దు. కష్కాయిష్ ముందు బోకా దు ఇన్ఫెర్ను, నరకం నోరు అని అర్థం, పది నిమిషాలు ఆపండి చాలు. అల పెద్దగా ఉన్న రోజు రాతి గుహలోకి నీళ్ళు దూరి పైకి ఎగజిమ్ముతాయి, లేని రోజు మామూలుగా ఉంటుంది.

కష్కాయిష్ 1870 నుంచి రాజకుటుంబం వేసవి మకాం అయిన జాలర్ల ఊరు. ఇక్కడికి 5:30 కల్లా చేరితే ఐస్‌క్రీం తిని, చేపల పడవలు చూసి, కాళ్ళు చాపుకుని కూర్చునే టైము దొరుకుతుంది. బండి గంటలు అయిపోవస్తున్నాయని టెన్షన్ పడకండి, అక్కడే దిగిపోయి డ్రైవరుని పంపేయొచ్చు. ఊళ్ళోంచే లిస్బన్ కైష్ దు సొద్రె స్టేషన్‌కి రైలుంది, 40 నిమిషాలు, మెట్లెక్కే పని పెద్దగా లేదు. ఎక్కగానే కుడి పక్క కిటికీ సీట్లు పట్టుకోండి, లిస్బన్ దాకా నీళ్ళు అటే కనిపిస్తాయి.